గోడలు తిన్న ఊపిరి

తలుపులు మూసిన 3వ రోజు

పని చేసే ప్రతి మనిషీ రోజు పుస్తకం రాయాలన్నది నల్లబిలం కట్టుబాటు. గచ్చు పనికి రెండు వాక్యాలు చాలని మా పెద్ద హుసేనప్ప అన్నాడు. ఎంత సున్నం కలిపావు, ఏ గోడకు మెత్తావు, అంతే. నోరు తెరిస్తే ఆగనిదాన్ని, చేతికి కలం ఇస్తే ఆగుతానా?

బయట పచ్చగాలి మొదలైంది. అది పీల్చినవాడు నెత్తురు దగ్గుకుని పోతాడు కాబట్టి మొన్ననే తలుపు సందుల్లో బంకమన్ను కూరి వచ్చాం. ఇక రెండువందల నలభై రోజులు ఈ గుహలో చిక్కిన గాలితోనే మూడువందల పన్నెండు మందిమి బతకాలి. మేము వదిలిన గాలిని కరెంటు దీపాల కింద పెరిగే వరి పీల్చుకుంటుంది. వరి వదిలింది మేము పీల్చుకుంటాం. మా తాతల నాటినుంచి ఇలాగే నడుస్తోంది.

ఈ ఏడు మాత్రం గుహ గుహలా లేదు. ఎటు చూసినా తెల్లగా, నున్నగా ఉంది. అది నా చేతి పని. కప్పు నుంచి రాతిపొడి రాలి పిల్లలు దగ్గుతుంటే చూడలేక, తలుపులు తెరిచి ఉన్న నెలల్లో గుహంతా రెండు వేళ్ళ మందాన గచ్చు చేయించాను. ఇదివరకు ఏడాదికి నాలుగు బస్తాల సున్నం కాలిస్తే గొప్ప. బట్టీ లోపల వరిమడుల పక్కనే ఉండేది. ఈసారి నాలుగు వందల బస్తాలు కావాలి. అంత వేడిని లోపల ఎవరు భరిస్తారని బట్టీని తలుపు బయట కట్టించాను. లోపలి పాత బట్టీని విప్పేసి ఆ ఇటుకలతో మడుల దగ్గరికి మెట్లు వేయించాను. ఈ ఆలోచన ఈ తిమ్మక్కదేనని రేపు ఎవరైనా మరిచిపోతారేమోనని ఇక్కడ రాసి పెడుతున్నాను.

నా కూతురు చెంచులక్ష్మికి మూడో నెల. వాంతులు తగ్గాయి.

22వ రోజు

తలుపు దగ్గర చెడుగాలి ముల్లు ఉంది. మనం వదిలే గాలి గుహలో ఎంత పేరుకుందో అది చూపిస్తుంది. ఏటా ఈ రోజులకు తొమ్మిది మీద ఉండి, పది దాటితే అందరికీ తలనొప్పులు వచ్చేవి. ఈరోజు నాలుగు మీద ఉంది. హుసేనప్ప ముల్లును గోటితో రెండుసార్లు తట్టి చూశాడు. అది కదలలేదు.

"ముప్పై ఏండ్లలో ఇంత మంచి గాలి చూడలేదు తిమ్మక్కా," అన్నాడు. "నీ గచ్చు గాలిని కూడా కడిగేసినట్టుండాది."

సాయంత్రం బువ్వల దగ్గర నాకు మొదటి గరిటె వడ్డించారు. నేను వద్దనలేదు. ఎందుకు వద్దంటాను, ఆరు నెలలు సున్నంలో చేతులు పొక్కించుకున్నది నేను.

51వ రోజు

అల్లుడు ఓబులేసు వరిమడులు చూస్తాడు. నెమ్మదస్తుడు, మాట బయటికి రావడానికి పూట పడుతుంది. ఈరోజు వచ్చి నా పక్కన కూర్చుని చాలాసేపు గోళ్ళు చూసుకున్నాడు.

"అత్తా, వరి కదలడం ల్యా."

"కదలడానికి అదేమన్నా మేకా?"

"నీళ్ళు పెట్టినా. ఎరువు ఏసినా. దీపాలు అన్నీ ఎలగతాండాయి. జానెడు కాడికి వచ్చి ఆడనే నిలబడిపోయింది. తిండి లేనట్టుండాది దానికి."

వరికి తిండి ఏమిటో మాకు చిన్నప్పుడే నేర్పుతారు. మట్టిలోంచి తీసుకునేది కొంచెమే. దాని ఒళ్ళంతా గాలితోనే కడుతుంది. మనం వదిలిన చెడుగాలిని ఆకుతో పట్టి, నీళ్ళతో కలిపి, వెలుతురుతో వండుకుని గింజ చేస్తుంది. వంటలో మిగిలిన ప్రాణవాయువును బయటికి వదులుతుంది. మనం ఆ గింజ తిని, ఆ వాయువు పీల్చి, మళ్ళీ చెడుగాలి వదులుతాం. ఇంతమందిమి వదులుతుంటే దానికి తిండి ఎందుకు తక్కువవుతుంది? విత్తనం పాతదై ఉంటుందని చెప్పి పంపేశాను.

78వ రోజు

ముల్లు రెండు మీద ఉంది. అందరూ సంబరంగా ఉన్నారు.

దేవుడి గూట్లో దీపం చిన్నబోయింది. వత్తి మార్చాను, నూనె మార్చాను, ప్రమిద కడిగాను. వెలుగు గోరంత మించి లేవడం లేదు. నూనె ఆడించే గంగన్నను పట్టుకుని దులిపేశాను. అతను వేరే డబ్బాలోంచి పోసి ఇచ్చాడు. దాంతోనూ అంతే.

చెంచు మడుల దగ్గరి మెట్లు ఎక్కుతూ మధ్యలో కూర్చుండిపోయింది.

"ఏమే, ఏమయింది?"

"ఏం ల్యా మా. పన్నెండు మెట్లెక్కితే గుండె దడదడమంటాది."

మంత్రసాని బీబమ్మను పిలిచాను. నీళ్ళు పోసుకున్నదానికి ఆయాసం రాక ఏం వస్తుందని ఆమె నవ్వింది. బీబమ్మ కూడా మెట్లెక్కి వచ్చాక గుక్క తిప్పుకోవడానికి గోడ పట్టుకుని నిలబడింది. ఆమెకూ వయసు మీద పడుతోంది.

101వ రోజు

ఎవరికీ నిద్ర సరిగ్గా లేదు. నేనైతే కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎందుకు లేచానో గుర్తుండదు. నీళ్ళ దగ్గర రోజూ గొడవే. నిన్న ఇద్దరు అన్నదమ్ములు బిందె కోసం చొక్కాలు పట్టుకున్నారు. నాలుగు దెబ్బలు వేసుకోకముందే ఇద్దరూ ఆయాసపడి కూలబడ్డారు. చూసినవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

బట్టీ గుంటలోకి దిగేముందు మా నాయన దీపం దించి చూసేవాడు. దీపం ఆరిపోతే మనిషి దిగకూడదు. అది గుర్తొచ్చి, వత్తి వెలిగించి గాజు గ్లాసు బోర్లించాను. ఈ గ్లాసు కింద దీపం ముప్పై అంకెలు లెక్కపెట్టేదాకా వెలుగుతుందని నాకు చిన్నప్పటినుంచి తెలుసు. ఈరోజు పద్నాలుగుకే ఆరిపోయింది. మూడుసార్లు చేశాను. పద్నాలుగు, పదమూడు, పద్నాలుగు.

దీపం తినేది ప్రాణవాయువును. అది అయిపోతే ఆరుతుంది. చెడుగాలి చూస్తే గుహలో లేనే లేదు. మరి ప్రాణవాయువు ఎక్కడికి పోయింది? తలుపు బంకమన్ను నేనే చూసి వచ్చాను, వెంట్రుక దూరే సందు కూడా లేదు.

హుసేనప్పకు చెప్పాను. ముల్లు ఒకటిన్నర మీద ఉందని, నన్ను కాస్త పడుకోమని చెప్పాడు. ఒళ్ళు మండింది గానీ అతనికి ఏం చెప్పాలో నాకే తెలియదు.

118వ రోజు

చెంచుకు శ్రీమంతం చేశాం. ఏడో నెల. కాళ్ళకు పారాణి పెట్టడానికి పసుపు నీళ్ళు కలిపి, సున్నం డబ్బా పక్కన పెట్టుకున్నాను. పసుపులో సున్నం పడితే ఎర్రబడుతుందన్నది ఆడపిల్లలందరికీ తెలిసిందే. సున్నంలో ఉన్న కారం, అదే నాలుక కాల్చే గుణం, పసుపు రంగును మార్చేస్తుంది.

పీట జరుపుతుంటే దాని కాలు గోడకు తగిలి మూల గచ్చు పెచ్చు ఊడింది. గిన్నె ఒలికి పసుపు నీళ్ళు దానిమీద పడ్డాయి. నేను పెచ్చు చేతిలోకి తీసుకుని వెలుతురులో పెట్టి చూశాను. పైన గోరు వెడల్పున పసుపు పసుపుగానే ఉంది. లోపల మాత్రం ఎర్రగా, పారాణిలా మారింది.

ఆడవాళ్ళు పాటలు పాడుతున్నారు.

ఇది చదివేవాళ్ళకు సున్నం పని తెలియకపోవచ్చు, అందుకని విప్పి రాస్తున్నాను. సున్నపురాయి అంటే సున్నమూ చెడుగాలీ ఒకదాన్నొకటి పట్టుకుని గట్టిపడినది. బట్టీలో పెట్టి ఎర్రగా కాలిస్తే చెడుగాలి విడిపోయి లేచిపోతుంది. మిగిలిన సున్నం తేలికగా, ఆకలి మీద ఉంటుంది. నీళ్ళు పోస్తే కుతకుతలాడి మెత్తబడుతుంది, కానీ ఆకలి తీరదు. గోడకు మెత్తాక ఆ ఆకలి తీర్చుకోవడం మొదలుపెడుతుంది. గాలిలోని చెడుగాలిని కొంచెం కొంచెంగా పట్టుకుని మళ్ళీ రాయి అవుతుంది. గచ్చు గట్టిపడటమంటే అదే, తడి ఆరడం ఒక్కటే కాదు. పట్టుకోవడం అయిపోయిన చోట కారం చచ్చిపోతుంది, పసుపు ఎర్రబడదు. ఇంకా ఆకలి మీద ఉన్న చోట ఎర్రబడుతుంది.

ఇదివరకు బట్టీ లోపల ఉండేది. కాల్చినప్పుడు ఎంత చెడుగాలి వదిలేదో, గోడ మీద అంతే తిరిగి తీసుకునేది. లెక్క సరిపోయేది. నేను బట్టీని బయట పెట్టాను. రాతిలోని గాలినంతా బయట పారబోసి, నాలుగు వందల బస్తాల ఆకలిని లోపలికి మోసుకొచ్చి గోడలకు మెత్తాను.

మనం పీల్చిన ప్రాణవాయువు చెడుగాలిలోనే దాగి బయటికి వస్తుంది. వరి దాన్ని విడదీసి మళ్ళీ మనకు ఇవ్వాలి. వరికి అందకముందే గోడలు దాన్ని మింగుతున్నాయి. వరి పస్తు, మనం పస్తు. పైగా మనిషికి ఊపిరాడటం లేదని ఒళ్ళు చెప్పేది చెడుగాలి పేరుకున్నప్పుడే. ప్రాణవాయువు మెల్లగా తగ్గితే ఒళ్ళు మోసపోతుంది. గాలి ఎంత బాగుందో అనుకుంటూనే పోతాం.

ముందుగా పోయేది ఎవరో నాకు తెలుసు. తనకూ కడుపులో బిడ్డకూ కలిపి పీల్చుకునే మనిషి నా ఎదురుగా పీట మీద కూర్చుని ఉంది. పారాణి పెట్టాను. గీత వంకర పోయింది. చెంచు నవ్వింది.

119వ రోజు

చెప్పలేదు. పొద్దున హుసేనప్ప దగ్గరికి వెళ్ళాను. అతను నలుగురు పిల్లలకు నా గచ్చు చూపించి, ఈ గోడలు కట్టింది ఈ అవ్వేనని చెబుతున్నాడు. దండం పెట్టించాడు. తిరిగి వచ్చేశాను.

121వ రోజు

చెప్పలేదు. చెప్పకుండా సరిచేసే దారి ఏదైనా ఉందా అని చూస్తున్నాను. గచ్చుకు నూనె పూస్తే గాలి తగలదు. అంత నూనె లేదు. గ్లాసు కింద దీపం పన్నెండు.

123వ రోజు

చెంచు పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చుంటోంది. గోడకు ఆనించి వీపు నిమిరాను. "నువ్వు నిమిరితే హాయిగా ఉంటాది మా," అంది. తెల్లారేదాకా నిమిరాను.

125వ రోజు

చెప్పలేదు. నాకు తెలియనట్టే ఇంకొకళ్ళు కనిపెడితే బాగుండునని కూడా అనిపించింది. సిగ్గులేని బతుకు.

127వ రోజు

హుసేనప్ప అందరినీ మడుల దగ్గరికి పిలిచాడు. ఓబులేసు ఎట్టకేలకు వరి సంగతి ఆయనకు చెప్పాడట. ఈ పంట గింజ పట్టదని, దానికి చెడుగాలి చాలడం లేదని.

"అయితే మార్గం సులువే," అన్నాడు హుసేనప్ప. "పోయినేటి గడ్డి రెండు వాములుండాది. కాలుద్దాం. కాలితే చెడుగాలి వస్తాది. వరి బతుకుతాది."

అందరూ సరేనన్నారు. ఓబులేసు కూడా తల ఊపాడు. ఇద్దరు మనుషులు గడ్డి తేవడానికి లేచారు. చెంచు మెట్టు మీద కూర్చుని రెండు చేతులతో పొట్ట పట్టుకుని ఉంది. దాని పెదవులు నీలంగా ఉన్నాయి. ఇక ఆగలేకపోయాను.

"వద్దప్పా. నిప్పు పెట్టొద్దు," అన్నాను. "గడ్డి కాలితే చెడుగాలి వచ్చేది నిజమే. కానీ అది ఉత్తినే రాదు. ఉన్న ప్రాణవాయువును తిని వస్తాది. వచ్చినదాన్ని కూడా వరికి అందకముందే నా గచ్చు తినేస్తాది. రెండు వాములు కాల్చినారంటే చెంచు తెల్లారేసరికి ఉండదు. మనలో సగంమంది ఉండం."

ఎవరికీ అర్థం కాలేదు. పక్క గోడ నుంచి సుత్తితో పెచ్చు కొట్టి తెచ్చి, పసుపు నీళ్ళు పోసి హుసేనప్ప చేతికి ఇచ్చాను. బయటి పసుపు పట్టీ వెడల్పు చూపించాను. ఇంత మందాన మన ఊపిరి తినింది అన్నాను. లోపలి ఎరుపు చూపించి, ఇంకా ఇంత ఆకలి మిగిలి ఉందన్నాను. బట్టీ సంగతి చెప్పాను. హుసేనప్ప పెచ్చును అటూ ఇటూ తిప్పి చూశాడు. అరుస్తాడనుకున్నాను, అరవలేదు.

"ఇది నీకు ఎప్పటినుంచి తెలుసు తిమ్మక్కా?"

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను కూడా. ఇప్పుడే తెలిసిందంటే నమ్మేవాళ్ళు.

"తొమ్మిది దినాలు," అన్నాను.

చెంచు తల ఎత్తి నన్ను చూసింది. తరవాత ఓబులేసు చెయ్యి పట్టుకుని లేచి, నా పక్కనుంచే వెళ్ళిపోయింది.

130వ రోజు

గచ్చు కొట్టేస్తున్నాం. ఆరు నెలలు పట్టిన పని మూడు రోజుల్లో సగం నేల మీద ఉంది. మనిషి పది దెబ్బలు వేసి కూర్చుంటాడు, ఇంకొకడు అందుకుంటాడు. మొదటి దెబ్బ నేనే వేశాను. నన్ను ఎవరూ మొహం మీద ఏమీ అనడం లేదు. నీళ్ళ దగ్గర వరసలో నేను నిలబడితే మాటలు ఆగిపోతాయి, అంతే.

ఆడవాళ్ళు ప్రతి పెళ్ళకు పసుపు చల్లి, పై పొరనూ లోపలి ముక్కనూ విడగొట్టి రెండు కుప్పలు వేస్తున్నారు. ఎర్రబడినది నీళ్ళ తొట్లలో ముంచేస్తాం. నీళ్ళ అడుగున సున్నానికి గాలి తగలదు, దాని ఆకలి అక్కడే పడి ఉంటుంది. పసుపుగా మిగిలిన పెళ్ళల్లోనే మన ఊపిరి ఉంది. అందులోంచి రాబట్టాలి. కాలిస్తే వస్తుంది, కానీ బట్టీ లేదు. తిరిగి కట్టడానికి రెండు వారాలైనా పడుతుంది. అన్నాళ్ళు వరి ఆగదని ఓబులేసు అన్నాడు.

పులుపు పోస్తే కూడా వస్తుంది. సున్నానికి చెడుగాలి మీద ఎంత మమకారం ఉన్నా, పులుపు కనిపిస్తే చెడుగాలిని వదిలేసి దాన్ని పట్టుకుంటుంది. వదిలిన గాలి బుసబుసా నురగలై లేస్తుంది. అది ప్రాణవాయువును తినదు. అదీ మనకు కావలసింది.

హుసేనప్ప ఇల్లిల్లూ తిరిగి చింతపండు అడిగాడు. ఏడాదికి సరిపడా పులుపు ఇచ్చేసి ఎలా తింటామని ఒక్కరూ అడగలేదనుకుంటే పొరపాటు. అందరూ అడిగారు. "పప్పులోకి కూడా వద్దా సామీ?" అని బీబమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తెచ్చి ఇచ్చింది. పుల్లమజ్జిగ, నిమ్మకాయలు, గోంగూర ఊరగాయ కూడా వచ్చాయి. ఊరగాయ జాడీ ఒకటి మంచం కింద దాచుకున్న ముసలామెను ఆమె మనవరాలే పట్టి ఇచ్చింది.

136వ రోజు

మడుల గట్ల మీద తొట్లు పెట్టి, పెళ్ళల పొడి పోసి, పులుసు పోస్తున్నాం. నురగ చూడటానికి పిల్లలు ఎగబడుతున్నారు. చెడుగాలి బరువైనది, నేల మీదే పరుచుకుంటుంది కాబట్టి మడుల దగ్గర ఎవరినీ కింద కూర్చోనివ్వడం లేదు. ఆకు అడుగునే ఉంటుంది గనుక దానికి మంచిదే.

వరి ఆకులు ప్రాణవాయువు వదిలేది మడుల దగ్గరే. అందుకని మడుల పైన ఎత్తుగా మంచె కట్టి చెంచును అక్కడికి మార్చారు. ఓబులేసు అడిగి కట్టించాడు. నన్ను అడగలేదు. నేను కింద పులుసు పోస్తుంటే చెంచు పైనుంచి చూస్తుంది. నేను తల ఎత్తితే మొహం తిప్పుకుంటుంది.

పులుపు లేని పప్పు నాలుగు రోజులుగా తింటున్నాం. గంజిలో ఉప్పు వేసినట్టుంది. అందరి తిట్లూ నాకే తగులుతున్నాయి, నాకు తెలుసు.

145వ రోజు

చింతపండు అయిపోయింది. బట్టీ ఇవాళ వెలిగింది. మెట్లు పీకి ఆ ఇటుకలతోనే మడుల పక్కన కట్టాం. నిప్పు వాడకూడదు కాబట్టి ఇంటింటి నుంచి ఒక పొయ్యి తీగ తెచ్చి చుట్టాం, కరెంటుతో ఎర్రబడుతుంది. దాని కోసం దీపాలు సగం పూట ఆపాలి. ఓబులేసు ఒప్పుకోవడానికి పూటంతా పట్టింది.

వేడి ఒకసారి తగ్గితే పెళ్ళ సగం కాలి ఆగిపోతుంది. అందుకని నేను ఇక్కడినుంచి కదలను. కాలిన సున్నాన్ని వేడి మీదే తీసి నీళ్ళలో ముంచుతున్నాను. ఇక ఒక్క పిడికెడు కూడా గోడకు వెళ్ళదు.

ముల్లు మూడు మీద ఉంది. అది పెరగడం చూసి ఇప్పుడు అందరూ సంతోషిస్తున్నారు. గ్లాసు కింద దీపం పన్నెండే.

157వ రోజు

వరి రెండు వేళ్ళు పెరిగింది. దీపం పదహారు.

చెంచుకు పొద్దున నొప్పులు మొదలయ్యాయి. ఇంకా నెల ఉంది. బట్టీ దగ్గరినుంచి మంచె కనిపిస్తుంది, కానీ ఎక్కడానికి వీల్లేదు. బట్టీ వదిలిపెడితే వేడి దిగుతుంది. అరుపులు వింటూ తీగలు సవరించాను. ఒకసారి చెయ్యి కాలింది, తెలియలేదు.

మధ్యాహ్నం అరుపు ఆగింది. పిల్ల ఏడుపు వినిపించలేదు. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఎందుకో తెలియదు, గ్లాసు కింద దీపానికి లెక్కపెట్టి అలవాటైపోయింది. యాభై దాటాక లెక్క తప్పింది. మంచె మీద బీబమ్మ వంగి ఊదుతూ కనిపించింది. నా గోడలు తిన్న ఊపిరిలో ఒక్క గుక్క దానికి ఇవ్వు తల్లీ అని మొక్కుకున్నాను. ఎవరికి మొక్కానో కూడా తెలియదు.

తరవాత సన్నగా, పిల్లి కూసినట్టు వినిపించింది. నేను బట్టీ ఎదురుగా కూలబడి ఏడ్చాను.

ఆడపిల్ల. రెండు చేతుల్లో పట్టేంత ఉందని ఓబులేసు వచ్చి చెప్పాడు. ఊపిరి ఉండుండి ఆగుతోందని, తట్టితే మళ్ళీ తీస్తోందని కూడా చెప్పాడు.

161వ రోజు

దీపం పద్దెనిమిది. కానుపు మరునాడే బట్టీ దగ్గర కూర్చోవడానికి ఇద్దరికి పని నేర్పాను, పూటకొకసారి కదలగలుగుతున్నాను.

మధ్యాహ్నం బువ్వ తీసుకుని మంచె ఎక్కాను. మూడు రోజులుగా గిన్నెను మంచె అంచున పెట్టి దిగిపోతున్నాను. చెంచు చూడదు, నేను పలకరించను. ఈరోజు దాని మొహం చూసి దిగలేకపోయాను. కళ్ళు గుంటలు పడ్డాయి. నాలుగు రోజులుగా కునుకు తీయకుండా బిడ్డ ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని కూర్చుని ఉంది. ఓబులేసు చూస్తానన్నా ఇవ్వడం లేదట. ఎవరినీ నమ్మడం లేదు.

"తొమ్మిది దినాలు," అంది నన్ను చూడకుండానే. "నేను ఆయాసంతో లేచి కూర్చుంటే నా వీపు నిమిరినావు. ఆ గోడకే ఆనించి కూర్చోబెట్టి నిమిరినావు. అప్పుడు కూడా తెలుసు నీకు."

"తెలుసు."

"నోరు తెరిస్తే ఆగవు కదా నువ్వు. దానికి మాత్రం ఎట్ల ఆగినావు?"

"సిగ్గేసింది," అన్నాను. "అందరూ నెత్తిన పెట్టుకున్నారు. దిగాలంటే సిగ్గేసింది. నువ్వు చచ్చిపోతావని భయం కూడా వేసింది. ఆ రెంటిలో సిగ్గే ఎక్కువైంది, తొమ్మిది దినాలు. నేను చెప్పగలిగింది ఇంతే."

కింద తొట్లలో నీళ్ళు పోస్తున్న చప్పుడు వినిపిస్తోంది. చెంచు బిడ్డ పక్కనుంచి కొంచెం జరిగింది. ఒక మనిషి కూర్చునేంత చోటు.

"నాకు నిద్ర ఆగడం ల్యా," అంది. "దాని ఊపిరి చూస్తా ఉండు. ఏమన్నా తేడా వస్తే అప్పుడే లేపు. అది మంచిదా చెడ్డదా, చెప్పొచ్చునా చెప్పకూడదా అని నువ్వు ఆలోచించొద్దు. అప్పుడే లేపు."

చెప్పి పక్కకు తిరిగింది. తల ఆనించగానే నిద్రపోయింది.

నా చెయ్యి బిడ్డ ఛాతీకి పెద్దదైపోయింది, రెండు వేళ్ళు ఆనించాను. నిమిషానికి నలభై ఆరు. మళ్ళీ చూస్తే నలభై నాలుగు. ఒకసారి ఊపిరి ఆగింది. ఐదు లెక్కపెట్టేలోపు చెంచును కుదిపి లేపాను. ఇద్దరం వంగి చూస్తుండగానే మళ్ళీ తీసింది. చెంచు పడుకుంది. కాసేపటికి వెక్కిళ్ళు వచ్చాయి, లేపాను. చూసి పడుకుంది. తరవాత బిడ్డ తుమ్మింది, లేపాను.

"తుమ్మినా లేపుతావా?" అని విసుక్కుంది చెంచు, కళ్ళు కూడా తెరవకుండా.

"లేపుతా," అన్నాను.